కాగితంలో లేని జవాబు
(పాతపట్నంలో సంక్షేమ సంఘం వార్షిక సభ, బహుమతి ప్రదానం సందర్భంగా ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి "విద్య ఆవశ్యకత" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఇదే వేదిక మీద, ఇదే విషయం మీద నేను లోగడ మూడు పర్యాయాలు మాట్లాడి వున్నాను. మూడుసార్లూ చప్పట్లు కొట్టారు. విద్య అక్కరలేదనుకునేవారు ఇలాంటి సభలకు రారు గనుక, తెలిసినవారికి తెలిసిందే మళ్లీ చెప్పినట్టయింది. అందుచేత ఈసారి వారి అనుమతితో విషయం మార్చుకున్నాను. అనుమతి మాత్రం ఇప్పుడే అడుగుతున్నాను.

ఇవాళ పొద్దున్న పిల్లలకు వక్తృత్వపు పోటీ జరిగింది. నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. విషయం "సెల్‌ఫోను వరమా, శాపమా". తొమ్మండుగురు మాట్లాడారు. తొమ్మండుగురూ ముందు వరం అన్నారు, తరువాత శాపం అన్నారు, ఆఖరికి "కత్తితో కూర తరగవచ్చు, గొంతు కోయవచ్చు, వాడే చేతిలో వుంది" అని ముగించారు. ఒకే కత్తి తొమ్మిదిసార్లు! పిల్లల తప్పు కాదు. రాసిచ్చిన మాస్టర్లమూ, అన్నయ్యలమూ అందరం ఒకే చోట నుంచి ఎత్తి రాశాం.

అందులో ఒక అమ్మాయికి మధ్యలో పాఠం మరుపుకొచ్చింది. అర నిమిషం అలాగే నిలబడిపోయింది. నేను బెల్లు కొట్టబోయి ఆగాను. అప్పుడా అమ్మాయి తనకు తానే మొదలుపెట్టింది. మా అబ్బా ఒడిశాలో పనికి పోతే నెలకొకసారి వచ్చేవాడు, ఇప్పుడు రోజూ రాత్రి ఫోనులో కనపడతాడు, కాని రోజూ కనపడుతున్నాడు కదా అని రెండు నెలలకొకసారి వస్తున్నాడు, ఇది వరమో శాపమో మీరే చెప్పండి అన్నది. నాకు గొంతు పట్టేసింది. మొత్తం పోటీలో ఎవరైనా ఆలోచించి చెప్పిన మాట అదొక్కటే. అయినా మన నియమాల ప్రకారం పాఠం మరచినందుకు ఐదు మార్కులు తగ్గించాలి. తగ్గించాను. ఆ అమ్మాయికి ఏ బహుమతీ రాలేదు. ఆ సంగతి మనసులో పెట్టుకునే ఈ మాటలు చెబుతున్నాను.

మనం పిల్లలకు మాట్లాడటం నేర్పుతున్నాం. వాదించటం నేర్పటం లేదు. ఈ రెండింటికీ చాలా తేడా వుంది.

ప్రపంచంలో బడి పిల్లలకు వాదనలో పోటీ ఒకటి వుందని మీలో ఎంతమందికి తెలుసునో. క్రికెట్‌కు ప్రపంచ కప్పు వున్నట్టే దీనికీ వుంది. 1988లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఆరు దేశాల పిల్లలతో మొదలైంది. తరువాత వేరువేరు దేశాల్లో జరుగుతూ అరవై పైచిలుకు దేశాలు వచ్చే స్థాయికి పెరిగింది. కరోనా రోజుల్లో, అంటే 2020 నుంచి 2022 వరకు, ఎవరి దేశంలో వారు కూర్చుని కంప్యూటరు తెర మీదే వాదించుకున్నారు. 2023లో హనోయ్‌లో, 2024లో బెల్‌గ్రేడ్‌లో, 2025లో పనామాలో మళ్లీ ఎదురెదురుగా కలిశారు. 2019లో బ్యాంకాక్‌లో జరిగినప్పుడు మన భారతదేశపు జట్టు ఫైనల్లో కెనడా జట్టును ఓడించి కప్పు తెచ్చింది. క్రికెట్లో అయితే ఊరంతా టపాకాయలు కాల్చి వుందుము. దీనికి మన వీధిలో ఒక్క ఇంట్లోనూ దీపం వెలగలేదు. నాకూ తరువాత ఎప్పుడో తెలిసింది.

ఆ పోటీ ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. అసలు కిటుకంతా అక్కడే వుంది.

ఒక్కొక్క దేశానికి ముగ్గురు నుంచి ఐదుగురు పిల్లలుంటారు. ఒక వాదనలో మాట్లాడేది ముగ్గురే. ఒక జట్టు విషయాన్ని సమర్థిస్తుంది, రెండోది ఎదిరిస్తుంది. ఏ పక్షం కావాలో పిల్లలు కోరుకునేందుకు లేదు, ఏది వస్తే దాని తరఫున నిలబడాలి. నిన్న ఒక దానికి అవునన్న పిల్ల ఇవాళ అటువంటి దానికే కాదనవలసి రావచ్చు. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు. ఇటు ఒకరు, అటు ఒకరు, వంతులవారీగా ఆరుగురూ మాట్లాడాక, ఒక్కొక్క జట్టు నుంచి ఒకరు లేచి నాలుగు నిమిషాల ముగింపు జవాబు చెబుతారు. ఆ నాలుగు నిమిషాల్లో కొత్త వాదన తేకూడదు. జరిగిన గొడవంతటిలో అసలు తగవు ఎక్కడ వుందో, అందులో ఎవరిది పైచేయి అయిందో తేల్చి చెప్పాలి. మన పంచాయతీల్లో పెద్దమనిషి ఆఖర్న చెప్పే మాట వంటిది. అయితే మన పెద్దమనిషి నాలుగు నిమిషాల్లో ఆపిన దాఖలా నేను చూడలేదు.

ఇంకొకటి. ఎనిమిది నిమిషాల్లో మొదటి నిమిషం, ఆఖరి నిమిషం తప్ప మధ్యలో ఎప్పుడైనా ఎదుటి జట్టువారు లేచి నిలబడి ఒక ప్రశ్న అడగవచ్చు. పదిహేను సెకన్లలో అడిగి కూర్చోవాలి. మాట్లాడేవారు ఒప్పుకుంటేనే అడగాలి, వద్దంటే కూర్చోవాలి. ఒక్క ప్రశ్నకూ ఒప్పుకోని వక్తను భయపడ్డాడని లెక్క వేస్తారు. కనుక ఒకటి రెండిటికైనా ఒప్పుకోవలసిందే, అప్పటికప్పుడు జవాబు చెప్పవలసిందే. బట్టీ పట్టిన వాడి పని ఆ పదిహేను సెకన్లతో సరి.

సగం విషయాలు ముందుగా ఇస్తారు, పిల్లలు వారాల తరబడి చదువుకొని వస్తారు. మిగతా సగం అక్కడికక్కడ ఇస్తారు. గంట వ్యవధి. గదిలో పెట్టి తలుపు వేస్తారు. మాస్టరు వుండరు, ఫోను వుండదు. జట్టు పిల్లలే ఒకరితో ఒకరు మాట్లాడుకొని వాదన కట్టుకోవాలి.

ఇక మార్కులు. నూటిలో నలభై చెప్పిన విషయానికి, నలభై చెప్పిన తీరుకు, ఇరవై వ్యూహానికి. వ్యూహం అంటే ఏది ముందు చెప్పాలి, ఎదుటివారి మాటల్లో దేనికి జవాబు చెప్పాలి, దేన్ని వదిలేయాలి అన్న తెలివి. తమాషా ఏమంటే, ఎంత గొప్పగా మాట్లాడినా నూటికి ఎనభై దాటనివ్వరు, ఎంత తడబడినా అరవైకి తగ్గనివ్వరు. మామూలు పిల్లవాడికి డెబ్బై. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. పొద్దున్న నేను ఒక పిల్లవాడికి నూటికి ముప్పై వేసి ఇంటికి పంపాను. వాడు మళ్లీ వచ్చే ఏడు వేదిక ఎక్కుతాడా?

ఇదంతా ఇంగ్లీషులో కదా మాస్టారూ, మన పిల్లలకు ఎక్కడ సాధ్యం అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పోటీ ఇంగ్లీషులోనే. అయితే ఇంగ్లీషు సొంత భాష కాని దేశాలు అందులో బోలెడున్నాయి. వారిలో మెరుగైన జట్లను విడిగా కూడా గుర్తిస్తారు. ఉచ్చారణ తమ దేశపు యాసలో వుందని మార్కులు తగ్గించకూడదన్నది అక్కడి న్యాయనిర్ణేతలకు చెప్పే మొదటి మాటల్లో ఒకటి.

నేను మీకు అబద్ధం చెప్పను. మన జట్టును ఎంపిక చేసే పోటీలకు వచ్చేది ఎక్కువగా పెద్ద నగరాల పెద్ద బడుల పిల్లలు. 2019 జట్టూ అటువంటి నగరాల నుంచి వచ్చిందే. ఈ పందిట్లో కూర్చున్న పిల్లల్లో ఒకరు రేపే విమానం ఎక్కుతారని చెప్పటానికి నేను రాలేదు. అక్కడికి వెళ్లగలగటం వేరు, అక్కడి పద్ధతిని ఇక్కడికి తెచ్చుకోవటం వేరు. రెండోదానికి పాస్‌పోర్టు అక్కరలేదు.

మన పిల్లల సంగతి చూడండి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పర్లాకిమిడి బజారుకు పోతే ఒడియా. పదేళ్ల గుంటడు మూడు భాషల్లో బేరమాడి పావలా వదలకుండా వస్తాడు. వాడికి వాదన రాదంటే ఎవరు నమ్ముతారు? వేదిక ఎక్కేసరికి మాత్రం వాడి నోట్లో మనం వేరొకరి మాటలు కుక్కుతున్నాం.

వాదన మన ప్రాంతానికి కొత్త కాదు. తెలుగుదేశంలో జరిగిన పెద్ద వాదాల్లో ఒకటి మన గడప దగ్గరే పుట్టింది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులుగా చేరారు. మన పెద్దలు మహేంద్రతనయ ఒడ్డునుంచి నడిచి పోయి వచ్చే ఊరు అది. పిల్లలకు పాఠాలు మాట్లాడే తెలుగులో వుండాలా, కావ్యాల తెలుగులో వుండాలా అన్న తగవులో ఆయన ఒకవైపు, జయంతి రామయ్య పంతులుగారి వంటి మహాపండితులు మరొకవైపు. పంతులుగారు ఉపన్యాసం చేసి ఊరుకోలేదు. గ్రాంథికమే రాయాలన్నవారి పుస్తకాలే ముందర పెట్టుకొని, తమ వ్యాకరణాన్ని తామే ఎక్కడెక్కడ తప్పారో పేజీలు చూపించారు. పూర్వ కవుల ప్రయోగాలు తెచ్చి ఎదురు నిలిపారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలసేపు మాట్లాడారంటారు. సవర భాష నేర్చుకోవటానికి కొండల్లో తిరిగి, మలేరియా పట్టి, క్వినైను వాడి వాడి ఆయనకు చెవుడు వచ్చింది. సరిగా వినపడని మనిషి ఎదుటివాడి మాటను అంత శ్రద్ధగా పట్టుకున్నాడంటే చెవులున్న మనం ఏమనుకోవాలి?

ఇవాళ నేను మీతో ఈ తెలుగులో మాట్లాడుతున్నానంటే ఆ వాదన నెగ్గినందుకే. అన్ని వాదనలూ ఆయన నెగ్గలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. పంతులుగారు యాభై ఏళ్లకు పైగా వున్న ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. నలభై ఏళ్లనాటిది. ఆ మనిషి దగ్గర అనుమతి తీసుకునే చెబుతున్నాను, పేరు చెప్పను.

1986లో నేను ఒక బడిలో సోషల్ చెబుతున్నాను. విశాఖపట్నంలో పిల్లలకు వాదోపవాదాల పోటీ పెట్టారు. తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు వుండేవాడు. మన వీధి వాడే. గొంతు ఖంగున మోగేది. "యంత్రాల వల్ల పేదవారికి మేలు" అన్న పక్షం మాకు వచ్చింది. నేను మూడు రాత్రులు కూర్చుని ఆరు పేజీలు రాశాను. పంచవర్ష ప్రణాళికలు, భిలాయి ఉక్కు, జపాను దేశం, అన్నీ పెట్టాను. వాడు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. నాకు గర్వంగా వుండేది.

పోటీలో బ్రహ్మాండంగా మొదలుపెట్టాడు. మూడో నిమిషంలో అవతలి జట్టు నుంచి ఒక అమ్మాయి లేచి అడిగింది: "మీ ఊళ్లో రైసుమిల్లు వచ్చాక వడ్లు దంచే ఆడవాళ్లు ఏమయ్యారు?" వాడు ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నేను ఏం చెప్పగలను? నా ఆరు పేజీల్లో ఆ ఆడవాళ్లు లేరు. నిమిషం గడిచింది. హాల్లో ఎవరో నవ్వారు. వాడు దిగి వచ్చేశాడు.

తిరుగు ప్రయాణంలో నౌపడలో చిన్న రైలు ఎక్కాం. టెక్కలి దాటేవరకు వాడు నోరు మెదపలేదు. అప్పుడన్నాడు: "మాస్టారూ, ఆ జవాబు నాకు తెల్సండి. మా నానీ వడ్లు దంచేదండి. మిల్లొచ్చాక మిల్లు కళ్లంలోనే ధాన్యం ఆరబోసే పనికెళ్లింది. దంపుడు కంటే అక్కడే రెండు రూపాయలెక్కువొచ్చేదండి."

నేను నిర్ఘాంతపోయాను. ఆ ప్రశ్నకు అంతకన్న గొప్ప జవాబు లేదు. మా పక్షాన్ని నిలబెట్టే జవాబు. మరి చెప్పలేదేంరా అన్నాను. "తమ కాగితంలో నేదు కదండి" అన్నాడు.

వాడు మళ్లీ వేదిక ఎక్కలేదు. పదో తరగతితో ఆపేశాడు. ఆపటానికి వేరే కారణాలున్నాయి, అన్నీ నా నెత్తిన వేసుకోను. కాని ఆ ఒక్క మాట మాత్రం నాది. ఇంట్లో నానీ చెప్పింది జ్ఞానం కాదని, మాస్టరు కాగితంలో వున్నదే జ్ఞానమని వాడికి నేర్పింది నేనే.

అందుచేత ఇవాళ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో రాబోయే విషయం మీద నా మనవి ఒకటి. సంఘం నిధిలోంచి ఈ ఏడు స్పోకెన్ ఇంగ్లీషు తరగతులు పెట్టాలని ప్రతిపాదన వుంది. నేను దానికి వ్యతిరేకిని కాను. ఇంగ్లీషు రావాలి. కాని చెప్పటానికి ఏమీ లేనివాడికి ఇంగ్లీషు వచ్చి ఏం చెబుతాడు? "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ జడ్జెస్" అని మొదలుపెట్టి మళ్లీ ఆ కత్తే, ఆ కూరే. కనుక దానితో పాటు ఆదివారం సాయంత్రం అస్ర్ తరువాత ఒక గంట, సంఘం గదిలో పిల్లలకు వాదన పెట్టండి. మొదటి ఏడాది తెలుగులో, ఉర్దూలో, ఏది వస్తే అందులో. రెండో ఏడాది నుంచి ఇంగ్లీషు కలపండి.

విషయాలకు ఢిల్లీ పోనక్కరలేదు. సంత ఊరి బయటకు మార్చాలా? నది ఇసుక ఎవరికి చెందాలి? పదో తరగతి వరకు పిల్లలకు ఫోను ఇవ్వవచ్చునా? పెళ్లి విందులకు హద్దు పెట్టాలా? ఈ ఆఖరిదానికి పెద్దలను కూడా కూర్చోబెట్టండి, వినటానికి మాత్రమే. నాణెం ఎగరేసి పక్షాలు తేల్చండి. గంట ముందు విషయం ఇవ్వండి. రాసిచ్చిన మాస్టరును బయటికి పంపండి, నన్నయినా సరే.

2025 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు అమరావతిలో విద్యార్థుల చేత శాసనసభ నమూనా నడిపించారు. నియోజకవర్గానికొకరు చొప్పున 175 మంది పిల్లలు. అంటే మన పాతపట్నానికీ ఒక కుర్చీ వుందన్నమాట. అటువంటి కుర్చీలు ముందు ముందు ఇంకా వస్తాయి. కూర్చోబెట్టటానికి మన దగ్గర పిల్లలు తయారుగా వుండాలి కదా.

నిన్న ఈ సంగతి ఒక పెద్దాయనతో అంటే, "మాస్టారూ, ఆడపిల్లకు వాదన నేర్పితే రేపు అత్తవారింట్లో ఏమవుతుంది?" అన్నారు. ఆయన ఇక్కడే వున్నారు, కోపగించుకోరు. నిన్న నాకు జవాబు తట్టలేదు, రాత్రంతా ఆలోచించాను. ఈ పద్ధతిలో పిల్ల ముందుగా నేర్చేది ఎదుటివారు చెప్పింది పూర్తిగా విని, వారు చెప్పినదాన్ని వారి మాటల్లోనే తిరిగి చెప్పటం. అది చేయకపోతే జవాబుకు మార్కులు రావు. మధ్యలో అడగాలన్నా నిలబడి, వారు ఒప్పుకుంటేనే అడగాలి. తాను నమ్మని పక్షాన కూడా నిలబడి అవతలివారి బాధ ఏమిటో చూడాలి. ఇంత నేర్చిన పిల్ల ఏ ఇంటికి వెళ్లినా ఆ ఇంట్లో కేకలు తగ్గుతాయనే నా నమ్మకం. తగ్గకపోతే, తనకు అన్యాయం జరిగినప్పుడు పోలీసు స్టేషన్లోనో, కోర్టులోనో, పంచాయతీలోనో నిలబడి తన సంగతి తానే చెప్పుకోగలదు. దేనికి భయపడుతున్నారో ఆయన మరొకసారి ఆలోచించుకోవాలని కోరుతున్నాను. నా జవాబు తప్పనిపిస్తే, లేచి నిలబడండి భాయీసాబ్. నేను ఒప్పుకుంటాను. పదిహేను సెకన్లు.

ఇక ఖర్చు. ఒక గంట కావాలి, బల్ల మీద కొట్టేది. ఒక గడియారం కావాలి. గడియారం నేను తెచ్చాను, ఇదిగో, నాకు ఉద్యోగ విరమణనాడు పిల్లలు ఇచ్చింది. సెకన్ల ముల్లు బాగానే నడుస్తోంది. కార్యదర్శి గారికి అందజేస్తున్నాను. గంట మాత్రం సంఘమే కొనాలి. పొద్దున్న పాఠం మరచిన అమ్మాయిని మొదటి ఆదివారం మొదటి వక్తగా పిలవమని, తన అబ్బా ఊళ్లో వున్న వారం చూసి పిలవమని నా కోరిక.

కార్యదర్శి గారు చేయి చూపిస్తున్నారు. నా ఇరవై నిమిషాలూ అయిపోయి మూడు నిమిషాలైంది. బ్యాంకాక్‌లో అయితే ఈపాటికి నా మాట వినటం మానేసి వుండేవారు. సెలవు.